పూలగదిలో మంచం

మా యింట్లో అంట్లు తోమే ఆమె ఆ రోజు పదింటికి గానీ రాలేదు. ఆలస్యం చేసినందుకు నాలుగూ అందామని సిద్ధంగా వున్న నేను, వుబ్బిపోయిన ఆ కళ్ళు చూసి వూరుకున్నాను. తాగుడు మానేస్తానని ఒట్టేసి రెండు రోజులుగా చుక్క ముట్టని మొగుడికి, చేతులు వణుకుతున్నాయట. గోడమీద లేనివేవో కనిపిస్తున్నాయట. ఆస్పత్రికి తీసుకెళితే, “తాగుబోతులకి ఇక్కడ మంచాల్లేవు, తీసుకుపో” అన్నారట.

“వదిలెయ్యరాదూ అతన్ని!” అన్నాను విసుగ్గా.

“జొరమొస్తే వదిలేస్తామా అమ్మా?” అంది.

బి.ఏ. చదివి, నవలలు రాసి, ఆ నవలల్లో తాగుబోతు మొగుళ్ళని జాలి లేకుండా బోలెడుమందిని చంపేసిన నాకు జవాబు తోచలేదు. కానీ ఎప్పుడో చదివిన ఒక సన్యాసిని కథ గుర్తుకొచ్చింది. ఆవిడ పేరు సిస్టర్ ఇగ్నేషియా.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ అని ఒక వూరుంది. రబ్బరు టైర్లకి పేరుపడ్డ వూరు. అక్కడి సెయింట్ థామస్ ఆస్పత్రిలో రోగుల్ని చేర్చుకునే బల్ల దగ్గర ఈవిడ కూర్చునేది. 1889లో ఐర్లండులో పుట్టి, చిన్నప్పుడే తలిదండ్రులతో అమెరికా వచ్చింది. మఠంలో చేరి పిల్లలకి సంగీతం చెప్పేది. ఆరోగ్యం చెడిపోతే, తేలిక పని కదా అని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తేలిక పనా అది! ఏ మంచం ఎవరికివ్వాలో తేల్చే పని.

ఆ రోజుల్లో తాగుడు జబ్బు కాదు, పాపం. తాగి వచ్చినవాణ్ణి ఆస్పత్రులు గడప తొక్కనిచ్చేవి కావు. గోల చేస్తాడు, డబ్బివ్వడు, మళ్ళీ తాగుతాడు అనేవారు. ఇగ్నేషియా జాలిపడి ఒకణ్ణి చేర్చుకుంటే, రాత్రి వాడు చేసిన గలాభాకి, ఇంకోసారి ఇలాంటివాణ్ణి తెస్తే నువ్వే రాత్రంతా వాడి వెనకాల పరిగెత్తు అని రాత్రి డ్యూటీ పెద్దావిడ మందలించిందట. ఆవిణ్ణి మాత్రం ఏం తప్పుపడతాం లెండి!

ఇగ్నేషియాకి తోడు దొరికినవాడు డాక్టర్ రాబర్ట్ స్మిత్. శస్త్రచికిత్సలు చేసే ఈ డాక్టరు స్వయంగా తాగుబోతే. 1935లో, అప్పటికే మానేసిన బిల్ విల్సన్ అనే మరో తాగుబోతు పరిచయమై, ఒకరికొకరు ఆసరాగా నిలిచారు, డాక్టరూ మానేశాడు. వాళ్ళు మొదలుపెట్టినదే ఇప్పుడు దేశదేశాల్లో వున్న ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’.

1939 ఆగస్టు 16న ఆ డాక్టరు తెచ్చిన రోగిని ఇగ్నేషియా చేర్చుకుంది. రోగం ‘ఎక్యూట్ గాస్ట్రైటిస్’ అని రాసింది. అంటే కడుపులో మంట. అబద్ధమా అంటే పూర్తిగా అబద్ధమూ కాదు, అంత తాగినవాడికి మంట లేకుండా వుంటుందా! మర్నాడు డాక్టరు, ఇతనితో స్నేహితులు ఏకాంతంగా మాట్లాడేందుకు చోటు కావాలన్నాడు. ఖాళీ గది ఒక్కటీ లేదు. రోగులకి వచ్చే పూలని సర్ది కూజాల్లో పెట్టుకునే చిన్న గది ఒకటుంది. మంచాన్ని అందులోకి నెట్టించింది. ఎవరూ రానివ్వని మనిషికి పూలగదిలో చోటు దొరికింది!

తరవాత ప్రత్యేకంగా వార్డే వచ్చింది. ఎప్పుడడిగినా కాఫీ. మానేసినవాళ్ళు వచ్చి, కొత్తగా వణుకుతున్నవాళ్ళ పక్కన కూర్చునేవారు. ఇంటికెళ్ళేవాడి చేతిలో ఆవిడ ఒక చిన్న గుడ్డ బిళ్ళ పెట్టేది. షరతు ఒక్కటే. మళ్ళీ తాగాలనిపిస్తే, ముందు వచ్చి అది తన చేతికిచ్చి మరీ తాగాలి. మనస్తత్వం తెలిసిన మనిషి! 1952లో క్లీవ్‌లాండు ఆస్పత్రికి మారి, అక్కడా ఇదే పని చేసింది. 1966లో కన్నుమూసింది.

మన పొరుగునే మదరాసులో మరొకావిడ వుంది. శాంతి రంగనాథన్. టి.టి.కె. వారి కోడలు. డబ్బుకి లోటు లేదు. అయినా తాగుడు వల్ల భర్త 1979లో చిన్న వయసులోనే పోయాడు. మరుసటేడే ఆయన పేర చికిత్సా కేంద్రం పెట్టింది. అంతటితో ఆగలేదు. పట్నం రాలేని కూలివాడి మాటేమిటని తంజావూరు ప్రాంతంలో మంజక్కుడి లాంటి పల్లెలకే డాక్టర్లనీ, నర్సులనీ పంపి శిబిరాలు పెట్టించింది. కలిగినవాడి తాగుడు రోగమూ, లేనివాడిది తప్పూ ఎలా అవుతుంది చెప్పండి?

శాంతిగారికి 1992లో పద్మశ్రీ వచ్చింది. ఆ యేడే మా నెల్లూరు జిల్లా దూబగుంటలో, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. బళ్ళో చదువుకుంటున్న నాకు అప్పటి పెద్దవాళ్ళ మాటలు ఇంకా చెవిలో వున్నాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ తల్లుల పోరాటానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ కొట్టు మూయించడం ఒక పోరాటం, మంచం సంపాదించడం మరో పోరాటం. రెండోదాని సంగతి మనం మరిచిపోయాం.

ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే తగ్గేది కాదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఎవరో ఇచ్చారని తెలియకుండా పులుసులో పొడులు కలిపి పెట్టే అక్కచెల్లెళ్ళు నాకు తెలుసు. వాటిలో కొన్ని మందులు, ఆపైన తాగితే ప్రాణం మీదికి తెస్తాయి. అలా చెయ్యకండి, తల్లీ! డాక్టరుకి చూపించండి.

ఆ మధ్యాహ్నమే మేమిద్దరం అతన్ని ఆటోలో వేసుకుని మరో ఆస్పత్రికి వెళ్ళాం. అక్కడి నర్సు, ఆఖరుసారి తాగింది ఎప్పుడని నెమ్మదిగా అడిగి, కాగితం మీద అసలు రోగం పేరే రాసింది. కడుపులో మంట అని రాయలేదు. మంచం ఇచ్చింది.

ఆరు నెలలైంది. అతను ఇంకా ముట్టలేదు. రేపటి సంగతి నేను చెప్పలేను, ఆమే చెప్పదు. “ఇయ్యాళ బాగుండాడమ్మా” అంటుంది, అంతే. ఈ మధ్య ఏడున్నరకల్లా పనిలోకి వస్తోంది. లేవలేక నేనే ఆలస్యం చేస్తున్నాను.