మండపీతల జాతుల చిక్కు

మండపీత ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట బురదలో బొరియ చేసుకుని బతికే పెద్ద పీత. దీని ప్రజాతి పేరు స్కిల్లా. మైపాడు తీరం ఉన్న ఇందుకూరుపేట మొదలు పులికాట్ దాకా కోస్తా ఉప్పుటేళ్లలో ఇది దొరుకుతుంది. పులుసులో పడ్డాక అన్నీ ఒకటే. చెరువులో పిల్లలు వదిలే రైతుకు మాత్రం జాతి తెలిసి తీరాలి: ఒకటి రెండు కిలోలు దాటి పెరుగుతుంది, మరొకటి అంత పెరగదు.

ప్రకృతి శాస్త్రవేత్త ఫోర్‌స్కాల్ రాయగా 1775లో అచ్చయిన గ్రంథం ఎర్రసముద్రపు పీతకు సెర్రాటా అని పేరుపెట్టింది. అప్పటికి ఆయన చనిపోయి పన్నెండేళ్లు. 1796లో హెర్బ్‌స్ట్ ఒలివేసియాను, 1798లో ఫాబ్రిసియస్ ట్రాంక్విబారికాను చేర్చారు. ఈ చివరి పేరు అప్పటి డేనిష్ రేవు తరంగంబాడి (ట్రాంక్విబార్) నుంచి వచ్చింది.

ఆ తర్వాత లెక్క కుదరలేదు. 1949లో ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త ఎస్టంపడార్ మూడు జాతులు, ఒక ఉపరకం అన్నాడు. 1960లో స్టీఫెన్‌సన్, క్యాంప్‌బెల్ అన్నింటినీ సెర్రాటాలో కలిపేశారు. వాళ్లను తప్పుపట్టలేం, ఉండే చోటును బట్టి రంగు మారే జీవిని రంగు చూసి విడదీయడం కష్టమే.

చిక్కు విప్పింది 1998లో కీనన్, డేవీ, మాన్. ఎంజైముల తేడాలతో పాటు మైటోకాండ్రియా డీఎన్ఏను కూడా పోల్చి, జాతులు నాలుగని తేల్చారు: సెర్రాటా, ట్రాంక్విబారికా, పారామమోసైన్, ఒలివేసియా.

మన దేశంలో ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడి పరిశోధకులు పెద్ద ఆకుపచ్చ పీతను ట్రాంక్విబారికా అని, ఎర్ర డెక్కల చిన్నదాన్ని సెర్రాటా అని రాస్తూ వచ్చారు. రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ శాస్త్రవేత్తలు జన్యు గుర్తులతో పరీక్షించి, 2014లో ఫలితం ప్రకటించారు. దాని ప్రకారం పెద్దదే సెర్రాటా, చిన్నది ఒలివేసియా; భారత తీరంలో ఉన్నవి ఈ రెండే. తరంగంబాడి పేరు మోస్తున్న జాతి ఆ నమూనాల్లో కనిపించనే లేదు!

జాతులు తేలాక కంటితో పోల్చుకోవడమూ తేలికైంది. సెర్రాటా డెక్క మణికట్టు వెలుపలి అంచున రెండు ముళ్లు స్పష్టంగా ఉంటాయి, కళ్ల మధ్య పళ్లు ఎత్తుగా లేస్తాయి, కాళ్లన్నిటి మీదా వల అల్లినట్టు గీతలుంటాయి. ఒలివేసియాకు ఆ పళ్లు పొట్టిగా గుండ్రంగా ఉంటాయి, వల గీతలు కనిపించవు. తమిళనాడులో శీర్కాళి దగ్గరి తొడువాయి హేచరీలో ఇదే సంస్థ పెంచే పిల్లలు సెర్రాటావి. పాత భారతీయ వ్యాసాల్లో సెర్రాటా అని కనిపిస్తే మాత్రం, అది ఏ పీతో వర్ణన చూసి నిర్ధారించుకోవాలి.