పెరిక మోసిన తండ్రి, ‘పేరు మోసిన’ కొడుకు

సూర్యాపేట నుంచి మునగాల, కోదాడ, జగ్గయ్యపేట మీదుగా బెజవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి రోడ్లు వేసే ఇంజనీర్లకన్నా చాలా పాతది. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధానిని బందరు రేవుతో కలిపిన బాటకు ఇది వారసురాలు. లోపలి సీమకు సముద్రం దగ్గర కాదు, సముద్రపు ఉప్పు పండదు. మిర్యాలగూడ దిగువన మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దాకా, అటు సూర్యాపేట దాకా కుండలోకి ఆ ఉప్పు ఎవరో మోసుకొస్తేనే వచ్చేది. మోసినవాళ్లు లంబాడీలు, ఎరుకలవాళ్లు, పెరికవాళ్లు. ఈ రవాణా విద్యను కనిపెట్టిన తండ్రుల పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వాళ్లలో కొందరి కొడుకుల పేర్లు మాత్రం పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. ఆ కొడుకులు తమంతట తాము దారి తప్పారన్న మాట చరిత్రకు నిలవదు. ముందు వాళ్ల దారి మూశారు, తరవాత వాళ్లను దారి దోపిడీగాళ్లన్నారు.

ముందుగా ఆ విద్య గొప్పతనం చూడాలి. పెరిక అంటే ఎద్దు వీపు మీద అటూ ఇటూ సమంగా వేలాడే జంట గోనె. రెండు వైపులా బరువు సరితూగితే చాలు, బండి అక్కర్లేదు, చక్రానికి పనికొచ్చే రోడ్డూ అక్కర్లేదు. వాగు దాటుతుంది, గుట్ట ఎక్కుతుంది. మజిలీలో ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టి ఎత్తితే ఎద్దు ఖాళీ అవుతుంది. దించిన పెరికలను చుట్టూ పేరిస్తే అదే రాత్రికి కోటగోడ. ఎద్దుల మేత దారి పొడుగునా బీళ్లలోనే, కనుక కిరాయి ఖర్చు తక్కువ. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తరాదిన పద్నాలుగు వేల ఎద్దుల తండాను చూసి రాసుకున్నాడు. గోల్కొండ సీమలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఈ బిడారుల్లో గోధుమలకు ఒక తెగ, బియ్యానికి ఒకటి, పప్పులకు ఒకటి, ఉప్పుకు ఒకటి అని పని పంచుకున్న తీరు వర్ణించాడు. ఒక్క మనిషి కనిపెట్టనిది ఆవిష్కరణ ఎలా అవుతుందని అడగవచ్చు. నాగలిని, మగ్గాన్ని కనిపెట్టిందెవరో కూడా మనకు తెలియదు. అయినా వాటిని మనిషి తెలివికి గుర్తుగానే లెక్కిస్తాం. పెరికకూ అదే న్యాయం వర్తించాలి.

ఈ బతుకుకు మూడు దెబ్బలు తగిలాయి. 1805లో మద్రాసు సర్కారు ఉప్పును తన గుత్తకు తీసుకుంది. ఉప్పుమడి దగ్గర నేరుగా బేరమాడి ధాన్యానికి ఉప్పు మార్చుకునే స్వేచ్ఛకు సంకెళ్లు పడ్డాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మేతకు, వెదురుకు హద్దులు గీసింది. తట్టలల్లే ఎరుకలవాళ్లకు వెదురే పెట్టుబడి. 1889 నాటికి నిజాం రైలు వరంగల్లు మీదుగా బెజవాడ చేరింది. సరుకు అటు మళ్లింది, సూర్యాపేట, కోదాడల బాట పలచబడింది. సూర్యాపేటకు నేటికీ రైలు లేదు. మిర్యాలగూడకు బీబీనగర్-నడికుడి లైను వచ్చింది కూడా నూరేళ్ల తరవాతే. కొత్త యంత్రం వస్తే పాత పని పోవడం లోకరీతి కదా, ఇందులో నేరమెవరిదని కొందరంటారు. పని పోవడం వరకే అయితే ఆ మాట ఒప్పుకోవచ్చు. కానీ పని పోయినవాణ్ణి ఆదుకోవలసిన సర్కారు అతని మీద చట్టం చేసింది. దాన్ని లోకరీతి అనలేం.

నేరజాతుల చట్టం 1871లో ఉత్తర హిందూస్థానంలో మొదలై, 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్లు ఆ జాబితాకెక్కారు. పేరు నమోదు చేయాలి, పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాలి, వేలిముద్ర ఇవ్వాలి. ఆ వేలిముద్రల వర్గీకరణను రూపొందించడంలో ముఖ్యులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ పోలీసు ఉద్యోగులు. లోకానికి అది హెన్రీ అనే దొరగారి పద్ధతిగానే తెలుసు. పేరు దక్కనివాళ్ల పనితనంతోనే పేరు చెడగొట్టే పని సాగింది. ఆ చట్టంలోని పదిహేడో సెక్షను మరీ కఠినమైనది. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో ఉంచే అధికారాన్ని అది సర్కారుకు ఇచ్చింది. తండ్రీకొడుకుల మధ్య ఎడబాటు ఇంటి గొడవలతో రాలేదు, సర్కారు గెజెట్టుతో వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ మొదలుపెట్టిన స్టూవర్టుపురం, ఆ చట్టం కింద వెలసిన నిర్బంధ సెటిల్మెంట్లకు పేరుపడ్డ ఉదాహరణ. సూర్యాపేట, కోదాడల మధ్యనున్న మునగాల పరగణా నిజాం రాజ్యం నడుమ ఉండి కూడా మద్రాసు కృష్ణా జిల్లాదే. అంటే ఈ బాట మీద నడిచే సంచారికి కొన్ని మైళ్లలోనే రెండు సర్కార్ల నిఘా. నిజాం ఏలుబడిలోనూ పాలమూరు జిల్లా లింగాలలో ఇటువంటి సెటిల్మెంటు ఉండేది.

దొంగతనాలు నిజంగా జరగలేదా అన్న ప్రశ్న గట్టిది, దాన్ని దాటవేయకూడదు. జరిగాయి. కొల్లగొట్టబడ్డ ఇళ్ల దుఃఖమూ నిజమే. అయితే దొంగతనానికి శిక్ష వేయడానికి శిక్షాస్మృతి అప్పటికే ఉంది. ఈ చట్టం శిక్షించింది పుట్టుకను. అది తప్పనడానికి రుజువు పెరికవాళ్ల కథలోనే ఉంది. వాళ్లూ అవే గోనెలు మోశారు, అదే ఉప్పు అమ్మారు, కులం పేరే ఆ సంచి పేరు. కానీ నేలపట్టున స్థిరపడి, గోనె నేసి, సేద్యం చేసుకున్నారు. వాళ్లను ఎవరూ నేరజాతి అనలేదు. ‘ఉప్పు ఎరుకల’ అన్న శాఖ పేరులోనే వృత్తిని మోసుకు తిరుగుతున్నవాళ్లను మాత్రం అన్నారు. నేరం ఉప్పు మోతలోనో నెత్తురులోనో ఉంటే ఇద్దరికీ అంటాలి. తేడా ఇల్లూ పొలమూ ఉండడంలో, లేకపోవడంలో ఉంది. రాత్రి ప్రయాణం, అడ్డదారుల ఎరుక, పదిమంది కలిసి కదలడం తండ్రి కాలంలో నైపుణ్యాలు. కొడుకు కాలంలో అవే అనుమానానికి సాక్ష్యాలయ్యాయి.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. 1976లో షెడ్యూల్డు జాబితాల సవరణతో తెలంగాణలో లంబాడీలకు, ఎరుకలవాళ్లకు షెడ్యూల్డు తెగల హోదా దక్కింది. హోదా చదువును, ఉద్యోగాన్ని ఇవ్వగలదు, పోయిన మర్యాదను తిరిగి తేవాలంటే చరిత్రను తిరగరాయాలి. 1930లో ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న ఏడాది నాస్తికోద్యమ నేత గోపరాజు రామచంద్రరావు (గోరా), సరస్వతి దంపతులు కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. 1970వ దశకంలో ఆ లవణం, కవి జాషువా కూతురైన ఆయన భార్య హేమలత స్టూవర్టుపురం వెళ్లి అక్కడివాళ్ల పునరావాసానికి పాటుపడ్డారు. ఉప్పు పేరు పెట్టుకున్న మనిషి ఉప్పు మోసినవాళ్ల వారసుల గడప తొక్కాడు. ఆ దంపతులు మనుషులకు చేసిన పనిని మన పాఠ్యపుస్తకాలు చరిత్రకు చేయాలి. దండి గురించి చదివే సూర్యాపేట పిల్లవాడికి తన ఊరికి ఉప్పు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. పెరిక బొమ్మ ఒకటి వేసి, దాని కింద లంబాడీ, ఎరుకల, పెరిక అని మూడు పేర్లు రాస్తే చాలు. ఆ తరగతిలో కూర్చున్న తండా పిల్లవాడు తాత పేరు చెప్పుకోవడానికి తల దించుకోడు.