చెక్కపెట్టెలో నారింజ చెట్టు

నారింజ మనకు పెరటి చెట్టు. శీతల దేశములవారికి ఒకప్పుడది రాజభోగము. ఈ జాతి వృక్షములకు హిమాలయముల ఆగ్నేయ పాదసీమలు జన్మస్థానమని 2018లో వెలువడిన జన్యుపరిశోధన తెల్పినది. సంస్కృతములోని ‘నారంగ’ పదము పారసీకమున ‘నారంగ్’, అరబ్బీలో ‘నారంజ్’ అయి, ఐరోపా చేరి ‘ఆరెంజి’గా స్థిరపడెను. మన ‘నారింజ’యు ఆ కుటుంబములోనిదే. పేరు చలికి వెరవక సాగిపోయినది గాని, చెట్టు అంత సులభముగా సాగలేదు.

మంచు కురియు చోట్ల నేలలో నాటిన నారింజ శీతకాలము దాటదు. కావున దానిని పెట్టెలలో పెంచి, చలిదినములలో లోపలికి చేర్చు పద్ధతి ఏర్పడెను. ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము పారిసు చెంతనున్న వర్సేల్సు. పదునాలుగవ లూయీ కొరకు జూల్ అర్దువా మాన్సార్ 1684–86 నడుమ నిర్మించిన నారింజశాల నేటికిని అచ్చట కలదు. నడిమి మందిరము 150 మీటర్లకు మించిన పొడవు, సుమారు 13 మీటర్ల ఎత్తు గలది. దక్షిణపు ఎండను లోనికి రానిచ్చు పెద్ద కిటికీలును, ఆ వెచ్చదనమును నిలుపు దళసరి గోడలును చెట్లను కాపాడును. అక్టోబరులో లోపలికి చేరిన చెట్లు మే మాసమున మరల వెలుపలికి వచ్చును.

అయినను గోడలు మాత్రమే చెట్టును బ్రతికింపజాలవు. వర్సేల్సు పెట్టెల ప్రక్క పలకలు ఊడదీయుటకు వీలైనవి. తోటమాలులు వానిని తెరచి, ముదిరిన వేళ్ళను కత్తిరించి, క్రొత్త మట్టి నింపుదురు. రాజోద్యానముల పెద్ద లా కెంతినీ మొదట న్యాయవాది, 1688లో మరణించెను. 1690లో అచ్చయిన ఆయన గ్రంథమున నారింజ పెంపకమునకు ప్రత్యేక ప్రకరణము కలదు.

ఢిల్లీ క్వార్టర్సులో నూనె డబ్బాలో నేను పెంచిన నిమ్మ మూడేండ్లకు కాపు మానినది. ఇరుగింటి తోటమాలి దానిని పెకలించి చూపగా, వేళ్ళు డబ్బా ఆకారముననే చుట్టుకొనియుండెను. కత్తిరించుటకు నా చేయి ఆడలేదు. అతడే కత్తిరించి మట్టి మార్చెను. మరుసటి ఏడు పూత పట్టినది.

బదిలీ ఉత్తర్వు చేతబట్టుకొని వచ్చిన మనమందరము పెట్టెలోని చెట్లమే. మన పిల్లల నోట తెలుగు ఎండిపోకుండ ఏటేట క్రొత్త మట్టి వేయుట ఎవరో వచ్చి చేయు పని కాదు.