మణికట్టునకెక్కిన గడియారము

జేబులో గొలుసునకు వ్రేలాడుచుండిన గడియారము పురుషుని మణికట్టునకెక్కుట వెనుక గొప్ప శిల్పి యోచన యేదియు లేదు. 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమున, ఒక చేత కళ్లెమును వేరొక చేత ఆయుధమును పట్టియుండి, కోటు బొత్తాము విప్పి వేళ చూచుకొను తీరిక లేని సైనికులు, తోలుతో గిన్నెవంటి తొడుగొకటి సంపాదించుకొని, తమ జేబుగడియారమును అందులో దూర్చి, పట్టీతో ముంజేతికి బిగించుకొనిరి. ఉన్న వస్తువును తన అక్కరకు తగినట్లు తానే మార్చుకొనుట యను పని, నేడు కొందరు ఇంటిలో బల్లముందు కూర్చుండి చవుక వాచీలతో చేయునట్టి పని, ఈ వస్తువు పుట్టుకలోనే కలదు.

అంతకుముందు చేతిగడియారములు లేకపోలేదు. 1868లో జెనీవా నగరమందలి పటెక్ ఫిలిప్ సంస్థవారు హంగరీ దేశపు ప్రభ్వియొకతెకు కంకణమువంటి బంగారు గడియారమును చేసియిచ్చిరి. కాని దానిని లోకము స్త్రీల ఆభరణముగానే ఎంచినది. 1904లో లూయీ కార్టియే, గాలిలో ఎగురుచు చేయి తీయజాలని తన మిత్రుడు సాంటోస్ డ్యుమాంటు కొరకు ముంజేతి గడియారమును కల్పించెను. అయినను పురుషుల సంకోచమును తుదకు పోగొట్టినది 1914 నాటి మహాయుద్ధమే. ఫిరంగుల మ్రోతయు కాలిబంట్ల కదలికయు నిమిషము తప్పక కలిసిరావలసిన ఆ కందకములలో, చిన్న జేబుగడియారపు డొక్కకు ఇరువైపుల తీగముక్కలు అతికించి పట్టీ తొడిగిరి. చీకటిలో కానవచ్చుటకై అంకెలకు రేడియము పూసిరి. అద్దము పగులకుండ పైన లోహపు జల్లెడ మూత బిగించిరి.

చవుకతనపు కథ వేరొక దారిని నడిచినది. స్విట్జర్లాండులోని లా షో-ద-ఫోన్ అను ఊర, జర్మనీలో పుట్టిన జార్జి ఫ్రెడరిక్ రాస్కాఫ్ అను గడియారశిల్పి, కూలివాడు కొనగల గడియారమొకటి ఉండవలెనని పట్టుపట్టి, భాగముల సంఖ్యను 57కు తగ్గించి, 1867లో ఇరువది ఫ్రాంకుల వెలకు దానిని సిద్ధము చేసెను. అప్పటి పేరుమోసిన శిల్పులు దానిని చిన్నచూపు చూచిరి. నా మట్టుకు, గడియారముల చరిత్రలో రాజుల పేరిట చెక్కిన రత్నఖచితములకంటె ఈ మొరటు గడియారమే పూజ్యము.

మన దేశమునకు ఆ భాగ్యము హెచ్‌ఎంటీ వలన కలిగినది. జపానులోని సిటిజన్ సంస్థ సహకారముతో 1961లో బెంగుళూరున వాచీల కర్మాగారము వెలసినది. పరీక్ష ప్యాసయిన కుమారునకు తండ్రియు, పెండ్లిలో అల్లునకు మామగారును ఇచ్చుచుండిన హెచ్‌ఎంటీ వాచీ మన ఇండ్లలో ఎన్నియో ఏండ్లు గౌరవము పొందినది. 2016లో కేంద్ర మంత్రివర్గము ఆ వాచీల సంస్థ మూసివేతకు ఆమోదము తెలిపినది. పాత వాచీలు మాత్రము బీరువాల అరలలో నిలిచియున్నవి.

అట్టి అరలోనుండియే మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ నా చేతికి వచ్చినది. కీ ఇచ్చి నడుపవలసినది, పదిహేడు రాళ్లది, సెకనుకు ఐదు టిక్కులది. డయలు చెమ్మకు మరకలెక్కి, ముళ్ల మెరుగు చెడి, పట్టీ తునిగి యుండెను. దానిని యథాతథముగ నిలుపుటయా, నాకు నచ్చినట్లు మార్చుటయా అని కొన్నాళ్లు తర్కించుకొని, మరకల డయలును పొట్లము కట్టి భద్రపరచి, పాత విడిభాగములలో దొరకిన నల్లని డయలును తొడుగ నిశ్చయించితిని. రంగు మార్చుట తప్పు కాదు. క్రొత్తగా అచ్చువేసిన డయలును తొడిగి, మునుపటిదేయని చెప్పి అమ్ముట మాత్రము మోసము.

వెనుక మూత తీసి, కీ పుల్లను విడిపించి, మిషనును బయటికి తీసిన పిమ్మట, డయలుపై పలుచని ప్లాస్టిక్ కాగితము పరచి ముళ్లను మెల్లగా పైకి లేపవలెను. నల్లని డయలు అడుగున ఉన్న సన్నని కాళ్లు మిషనులోని రంధ్రములలో నిలిచినవి. తరువాత గంటల ముల్లును, నిమిషముల ముల్లును సరిగా పండ్రెండుపై నిలిపి అదిమి, సెకనుల ముల్లును తుదను ఉంచితిని. పని ముగిసినదని సంతసించుచుండగా, ఒంటిగంట దాటి ఐదు నిమిషములయినంతనే వాచీ ఆగిపోయినది. భూతద్దముతో చూచితినిగదా, నిమిషముల ముల్లు వెండ్రుకవాసి క్రిందికి వంగి, గంటల ముల్లును దాటజాలక దానిని తాకి నిలిచియున్నది. రెండు ముళ్ల నడుమ కాగితపు మందమంత ఎడము కల్పించుటకు ఒక సాయంత్రము పట్టినది. అద్దము గాజు కాదు, ఆక్రిలిక్. కనుక గీతలు టూత్‌పేస్టుతో, మెత్తని నూలుగుడ్డతో తేలికగనే పోయినవి.

ఫోటో తీయుట వేరొక విద్య. గడియారముల ప్రకటనలలో ముళ్లు 10:10 దగ్గర నిలుచుట ఆచారము. పైనున్న పేరు మరుగుపడదు, చేతులు చాచినట్లుండును. అంతకు పూర్వపు ప్రకటనలలో 8:20 కూడ తరచు కానవచ్చెడిది. నేను కిటికీకి బటరు పేపరు అంటించి వెలుతురును మెత్తబరచి, కెమెరాను స్టాండుపై ఉంచి, ఒక సెకను కాలము వెలుగు పడనిచ్చితిని. జనతా కీ బయటికి లాగినను ఆగదు. అందుచేత సెకనుల ముల్లు ఆ ఒక్క సెకనులో వేసిన అడుగులన్నియు, విసనకర్ర మడతలవలె, పటములో విడివిడిగా పడినవి. కంటికి ఎన్నడును అందని ఆ ఐదు టిక్కులు అట్లు చిక్కినందుకు పొందిన ఆనందము చెప్పనలవి కాదు. చక్కని పటము కొరకు మాత్రము కీ ఇయ్యక, అది తనంతట ఆగువరకు వేచియుండవలసి వచ్చినది. మెరుగుపెట్టిన ముళ్లకు తెల్లని వెలుతురు చాలదు, వాటి అంచు తేలదు. ప్రక్కన నల్లని అట్టముక్క నిలిపినప్పుడే ఆ నల్లదనము ముళ్లలో ప్రతిబింబించి అంచులు తీర్చినట్లగును. డయలుపై కంటికి కనబడని ధూళికణములు పటములో గులకరాళ్లవలె కానవచ్చుటయు, బుడ్డితో గాలి ఊది వానిని తొలగించి మరల మరల తీయుటయు ఇందులో తప్పనివి.

చివరకు వెనుక మూత లోపలివైపును కూడ పటము తీయబూనితిని. ఏటవాలుగా దీపము పట్టినంతనే, అదివరకు నునుపుగా తోచిన లోహముపై సూదిమొనతో గీసిన సన్నని అక్షరములును అంకెలును మూడు తావుల తేలినవి. బాగుచేయువారు తాము విప్పినందుకు గురుతుగా వేయు తేదీలవి. ఒకటి నేను పుట్టిన ఏటిది. మూత బిగించుటకు ముందు, వాటి క్రింద మిగిలిన చోట, నేనును ఆనాటి తేదీని గీసితిని.