కవ్వాల్ అడవిలో ఎవరి వేళ ఎవరిది

కవ్వాల్‌కు వచ్చేవాళ్లు అనగానే జన్నారంలో సఫారీ బండి ఎక్కేవాళ్లే చాలామందికి గుర్తొస్తారు. పుష్యమాసంలో కేస్లాపూర్ మెస్రం వంశపు గోండులు ఝరి అనే పవిత్ర పాత్ర పట్టుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా, ఊళ్లు, అడవి దారులు దాటుకుంటూ కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు నడిచి వస్తారు. అక్కణ్నుంచి తీసుకుపోయిన గోదావరి నీళ్లతోనే అమావాస్య రాత్రి తమ నాగదేవత నాగోబాకు అభిషేకం. వాళ్లూ ఈ అడవికి వచ్చేవాళ్లే. ఇప్పపువ్వు ఏరేవాళ్లు, తునికాకు కోసేవాళ్లు, పశువుల కాపరులు, కుంటాల జలపాతం చూడవచ్చే కుర్రాళ్లు, రాత్రిపూట లారీలు తోలేవాళ్లు, మహారాష్ట్ర తడోబా వైపు నుంచి నదులు దాటి వచ్చే పులి, అందరికీ ఈ అడవిలో పని ఉంది. ఎవరికి ఎంత చోటు, ఏ వేళ అన్నది ఇక్కడ ఎన్నడూ తేలికగా తెమలలేదు.

నిజాం కాలంలో సర్కారు అడవిని రెండు రకాలుగా చూసింది. అది కలపకు ఆదాయం, దొరలకు వేట. రిజర్వు హద్దులు జరుగుతున్నకొద్దీ గోండులు, కోలాములు పోడు చేసుకున్న భూములు హద్దుల లోపలికి పోయాయి. పశువులు మేపినా పన్ను, కట్టె కొట్టినా జరిమానా. పుట్టి పెరిగిన అడవిలోనే వాళ్లు చొరబాటుదారులయ్యారు. గోండు వీరుడు కుమ్రం భీం తిరుగుబాటుకు మూలం ఇదే. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగాక సర్కారు కళ్లు తెరిచి, గిరిజనుల స్థితి తెలుసుకునే పని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. మార్లవాయిలో ఉండి ఆయన చేసిన కృషివల్ల ఎన్నో కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. నాగోబా జాతరలో దర్బారు మొదలైంది కూడా ఆ 1940లలోనే. అధికారులే జాతరకు వచ్చి గిరిజనుల మొర వినడం దాని పద్ధతి. అడవి పాలనలో ఈ ప్రాంతం చేసిన గొప్ప ప్రయోగం అదేనని నా అభిప్రాయం. దాని విలువను మనం ఇంకా సరిగా గుర్తించలేదు.

కవ్వాల్‌ను 1965లో అభయారణ్యం చేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటను కట్టడి చేసింది. 1980లో ప్రాణహిత అభయారణ్యం ఏర్పడింది. మంథని వైపు గోదావరి ఒడ్డున మొసళ్ల కోసం శివ్వారం అభయారణ్యం కూడా వచ్చింది. అప్పటి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో కాగితం మీద రక్షణ బాగానే పెరిగింది. అయితే ఆ అడవుల్లో తిరిగే మనుషుల హక్కులకు చట్టంలో చోటు దొరకడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యలో, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ నెత్తురు మరిచి ఇక్కడ అడవి చరిత్ర రాయలేం.

2012 ఏప్రిల్‌లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. కోర్ 893 చదరపు కిలోమీటర్లు, బఫర్ 1,123. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దేశమంతటా కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా ఆపింది. అక్టోబరులో ఆ ఆంక్ష తొలగేటప్పటికి కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. కోర్‌లో ఐదోవంతుకు మించి పర్యాటకులకు తెరవకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. అలా కవ్వాల్ కొలత తెలిసే కొత్త అతిథుల్ని పిలిచింది. అలాంటి కొలత ముందునుంచీ అడవిలో ఉన్నవాళ్ల విషయంలో లేదు. 2024లో కడెం మండలం రాంపూర్, మైసంపేట కుటుంబాలు కోర్ నుంచి బయటికి వచ్చాయి. చట్టం ప్రకారం ఇలాంటి తరలింపుకు గ్రామసభ సమ్మతి తప్పనిసరి. ఇల్లు, భూమి ఇచ్చినంతమాత్రాన సర్కారు బాధ్యత తీరదు. విడిచివచ్చిన ఊరి దేవతల దగ్గరికి వాళ్లు మళ్లీ వెళ్లే దారి తెరిచి ఉండాలి.

పులి తిరిగి వచ్చాక లెక్క మరింత బిగుసుకుంది. ఫాల్గుణ అనే ఆడపులి తడోబాకూ కవ్వాల్‌కూ మధ్యనున్న కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లల్ని పెట్టడంతో ఆ ప్రాంతమంతా పులుల దారి అయింది. 2020 నవంబరులో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. పత్తి ఏరే కాలం, పులి తిరిగే కాలం ఒకటే కావడం ఇక్కడి చిక్కు. చేనుకు పొద్దెక్కాక పోయి చీకటి పడకముందే ఇల్లు చేరమనీ, తలవెనక మనిషి ముఖం మాస్కు పెట్టుకొమ్మనీ అటవీ సిబ్బంది చెబుతున్నారు. పులి కోసం రైతు తన పొద్దునే కోసుకుంటున్నాడన్న మాట. 2024 జనవరిలో కాగజ్‌నగర్ డివిజన్‌లో విషప్రయోగంతో పులులు చనిపోయిన ఉదంతం వెనక ఉన్న కోపాన్ని కూడా అర్థం చేసుకోవాలి. పశువు చచ్చిన రోజునే పరిహారం చేతికి వస్తే విషం కలిపే చేతులు తగ్గుతాయి.

జన్నారం అడవి దారుల్లో రాత్రిపూట వాహనాల మీద ఆంక్షలు జంతువులకు మేలు చేశాయి. వ్యాపారులకు, లారీలవాళ్లకు నష్టం నిజమే, ఆందోళనలూ జరిగాయి. ఐనా నేను ఆంక్ష వైపే ఉంటాను, అంబులెన్సు ఒక్క నిమిషం ఆగకూడదన్న షరతు మీద. ఇలాంటి హద్దు కెమెరాలకూ ఉండాలి. పెంచికల్‌పేట దగ్గర పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో తెలిసింది. గూళ్ల కాలంలో అక్కడికి ఎంత ప్రేమతో వచ్చిన కెమెరా అయినా దూరంగానే నిలబడాలి.

2025 మే చివర ప్రభుత్వం 49వ నంబరు జీవోతో ఆసిఫాబాద్ అడవుల్లో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించింది. తమను అడగలేదని గిరిజన సంఘాలు లేచాయి. జులైలో జీవోను నిలిపివేశారు. పులుల దారికి ఆ రక్షణ అవసరమే. అది మళ్లీ వచ్చేలోపు గూడేల్లో గ్రామసభలు పెట్టి, ఇప్పపువ్వు ఏ నెల, పత్తి ఏ నెల, ఝరి నడిచే దారి ఏది, సఫారీ బండ్లు ఎన్ని అన్నవి అక్కడివాళ్ల చేతనే రాయించాలి. జీవో కాగితానికి ఆ రాత జతపడాలి.