అమెరికా ప్రైవేటు పాఠశాలల్లో జాతి వైవిధ్యం

అమెరికా ప్రైవేటు పాఠశాలల్లో నల్లజాతి, లాటినో, ఆసియా సంతతి తదితర శ్వేతజాతీయేతర పిల్లల ప్రవేశానికీ, అక్కడ వారికి దక్కే ఆదరణకూ సంబంధించిన అంశం ఇది. ప్రభుత్వ బడుల్లో వర్ణ విభజన చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, దక్షిణాదిలో తెల్లవారికి మాత్రమే పరిమితమైన ప్రైవేటు బడులు అనేకం వెలిశాయి. ప్రైవేటు బడులు జాతి కారణంగా ప్రవేశం నిరాకరించడం చట్టవిరుద్ధమని 1976లో రన్యన్ వర్సెస్ మెక్రేరీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1866 నాటి పౌరహక్కుల చట్టం ఇందుకు ఆధారం.

'ఎ బెటర్ ఛాన్స్' (1963), న్యూయార్క్‌లోని 'ప్రెప్ ఫర్ ప్రెప్' (1978) సంస్థలు ప్రతిభ గల శ్వేతజాతీయేతర పిల్లలను ప్రైవేటు బడుల్లో చేర్పిస్తున్నాయి. సీటు దొరికినా తరగతిలో ఒంటరితనం, ఉపాధ్యాయుల ముందస్తు అంచనాలు, ఆర్థిక అంతరాలు పిల్లలను ఇబ్బంది పెడతాయి. న్యూయార్క్ డాల్టన్ స్కూల్లో చేరిన ఇద్దరు నల్లజాతి బాలుర చదువును 'అమెరికన్ ప్రామిస్' (2013) డాక్యుమెంటరీ ఏళ్ల తరబడి చిత్రీకరించింది. వారిలో ఒకరు హైస్కూలు చదువు కోసం ప్రభుత్వ బడికి మారారు.