దాచే విద్య, కనిపెట్టే విద్య: బాణామతిపై ఒక పరిశీలన

1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే ఆట. అందులో అదృశ్యమయ్యే మంత్రానికి ప్రతిగా అదృశ్యాన్ని కనిపెట్టే మంత్రం ఉంది. రెండింటి పరిమితులనూ నియమాలు నిర్ణయిస్తాయి. సందేహం వస్తే ఆట నిర్వాహకుడు తీరుస్తాడు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోని బాణామతి విశ్వాసంలోనూ ఈ జంట విద్యలున్నాయి. లేనివి నియమాలే.

బాణామతి చేసినవారు బయటపడరని నమ్మకం. బయటికి కనబడేది జ్వరమో, పశువు మరణమో మాత్రమే. కర్త ఎవరో చెప్పేది అంజనం వేసి చూసే మంత్రగాడు. ఆధారం దొరకకపోవడమే విద్య బలానికి ఆధారమవుతుంది కనుక, నిందపడినవారు తమ నిర్దోషిత్వాన్ని నిరూపించుకోలేరు. మంత్రం ఉచ్చరించకుండా పళ్ళు ఊడగొట్టడం తెలంగాణ ఎరిగిన శిక్షే.

అంటే ఇక్కడ హింసకు మూలం దాచే విద్య కాదు, కనిపెట్టే విద్య. ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న మహారాష్ట్ర 2013లో చేసిన చట్టం ఈ సంగతిని గుర్తించింది. ఫలానావారు చేతబడి చేస్తున్నారని ప్రకటించడాన్ని కూడా నేరాల్లో చేర్చింది. బాణామతి కథనాలను సేకరించే జానపద పరిశోధకులు ‘ఎవరు చేశారు’ అన్నదానితో ఆగకూడదు. ‘ఆ పేరు ఎవరు చెప్పారు’ అన్నదీ నమోదు చేయాలి.